బొమ్మ ఎవరి దఫ్తరంలో ఉంది?
వైద్యచిత్రాల నిల్వ, పంపకం, దళిత రోగి హక్కు

కోవూరు పెన్నకు ఉత్తరపు గట్టున ఉంది. వంతెన దాటితే నెల్లూరు. ఒంట్లో బాగాలేకపోయినా, దెబ్బ తగిలినా ఈ చుట్టుపక్కల మాలమాదిగ పల్లెల నుంచి, యానాది కాలనీల నుంచి జనం పోయే దారి దాదాపు ఒకటే. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ. తర్వాత కోవూరు ప్రభుత్వాసుపత్రి. అక్కణ్ణుంచి నెల్లూరు పెద్దాసుపత్రి. అక్కడా కుదరకపోతే ప్రైవేటు. అదీ కాకపోతే తిరుపతి, వేలూరు, లేదా పెద్దవాళ్లు ఇప్పటికీ మద్రాసు అనే చెన్నై. ఈ దారిలో ప్రతి మజిలీలోనూ ఏదో ఒక బొమ్మ తీస్తారు: ఎక్స్‌రే, స్కానింగు, సీటీ, ఎమ్మారై. ప్రతి మజిలీలోనూ అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే: "పాతవి తెచ్చినావా?" తేకపోతే "మళ్లీ తీయించుకురా పో" అంటారు. తెచ్చినా చాలాసార్లు అదే మాట వినాల్సి వస్తుంది.

మళ్లీ తీయించడం అంటే కూలివాడికి ఒక రోజు కూలి పోవడం, తోడొచ్చినవాళ్ల కూలి పోవడం, బస్సు చార్జీలు, స్కాను రుసుము. సీటీ అయితే ఇంకో నష్టం కూడా ఉంది. ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే ఛాతీ సీటీలో ఒంట్లోకి పోయే రేడియేషన్ పదుల రెట్లు ఎక్కువ. అవసరముండి తీస్తే మేలే. పోయిన నెల తీసిన బొమ్మ పక్క ఆసుపత్రి కంప్యూటర్లో ఉండగా, అది ఇక్కడికి రాలేదు కాబట్టి మళ్లీ తీయడం ఏ రకంగానూ వైద్యం కాదు.

ఈ వ్యాసంలో మేము రెండు పనులు చేయదలచుకున్నాం. వైద్యచిత్రాలను ఎట్లా దాస్తారు, ఒక ఆసుపత్రి నుంచి మరొకదానికి ఎట్లా పంపుతారు అన్నది మామూలు మాటల్లో చెప్పడం ఒకటి. ఆ ఏర్పాటులో దళిత రోగి స్థానం ఎక్కడ అని అడగడం రెండోది. రెండో ప్రశ్నను నిపుణుల పుస్తకాలు అడగవు కాబట్టి మనం అడగాలి.

నెల్లూరు జిల్లా భూముల కథ తెలిసినవాళ్లకు ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయ్యేదాకా ఊరి భూమి లెక్కంతా కరణం దఫ్తరంలో ఉండేది. అడంగల్లో ఏం రాసుందో కయ్య దున్నేవాడికి తెలిసేది కాదు. నకలు కావాలంటే కరణం గడప ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయన ఇస్తే ఇచ్చినట్టు, లేదంటే లేదు. దున్నింది ఒకరు, కాగితం మీద పేరు ఇంకొకరిది అయిన భూములు మన పల్లెల్లో ఎన్నో. మన ఒంటి లోపలి లెక్క కూడా ఇప్పుడు అటువంటి దఫ్తరాల్లోనే చేరుతోందనీ, దాని నకలు మన చేతికి రావడం ఒక హక్కుగా అడగాల్సిన సమయం వచ్చిందనీ మా వాదం.

ఫిల్ము కాలం

జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్ కిరణాలను కనుక్కున్నాడు. ఆ డిసెంబరు 22న తన భార్య చేతి ఎముకల బొమ్మ తీశాడు. 1901లో భౌతికశాస్త్రంలో మొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. అక్కడి నుంచి దాదాపు వందేళ్లపాటు వైద్యచిత్రం అంటే ఫిల్మే. ప్లాస్టిక్ రేకు మీద వెండి లవణాల పూత ఉంటుంది. కిరణాలు తగిలిన చోట నల్లబడుతుంది, ఎముక అడ్డుపడిన చోట తెల్లగా మిగులుతుంది.

ఫిల్ముకు ఉన్న పెద్ద గుణం, పెద్ద లోపం రెండూ ఒకటే: అసలు ఒక్కటే ఉంటుంది. అది ఆసుపత్రి దగ్గరుంటే రోగి దగ్గర ఉండదు, రోగి దగ్గరుంటే ఆసుపత్రిలో ఉండదు. ఆసుపత్రి దాచినా ఎల్లకాలం దాచదు. పాత ఫిల్ములను వెండి కోసం తూకానికి అమ్మడం అన్ని చోట్లా ఉన్న పద్ధతే. రోగి దాచుకుంటే ఎక్కడ దాచుకుంటాడు? ప్లాస్టిక్ కవరులో పెట్టి దూలానికి తగిలిస్తాడు, లేకపోతే ట్రంకు పెట్టెలో చీరల కింద పెడతాడు. ఎండకు ఫిల్ములు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వానకు పూత చెడుతుంది.

మన వైపు వాన అంటే మామూలు వాన కాదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారి తెగింది. కోవూరు చుట్టుపక్కల ఊళ్లలోకి నీళ్లొచ్చాయి. పల్లపు నేలలో ఉండేదెవరో మనకు తెలుసు. అటువంటి వరదలో రేషన్ కార్డు పోతే తహసీల్దారు ఆఫీసులో మళ్లీ ఇస్తారు, ఎందుకంటే దాని అసలు లెక్క ఇంకోచోట ఉంటుంది. ఎక్స్‌రే కవరు పోతే ఎవరిస్తారు? ఒకేచోట ఉన్నది ఒకేసారి పోతుంది అన్న ఈ చిన్న సంగతే వైద్యచిత్రాల నిల్వశాస్త్రానికి పునాది.

చేతికిచ్చేది మొత్తం బొమ్మ కాదు

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఈఎంఐ కంపెనీ ఇంజనీరు. అలన్ కార్మాక్‌తో కలిపి ఆయనకు 1979లో నోబెల్ ఇచ్చారు. సీటీతో వైద్యచిత్రం స్వభావమే మారిపోయింది. అది వెండి మీద పడ్డ నీడ కాదిక, అంకెల పట్టిక. ఒంటిని అడ్డంగా పొరలు పొరలుగా కోసినట్టు చూపిస్తుంది. ఒక్కో పొరలో సాధారణంగా అడ్డం 512, నిలువు 512 చుక్కలు, అంటే 2,62,144 చుక్కలు. ప్రతి చుక్కకూ ఒక అంకె. గాలి అయితే మైనస్ 1000, నీళ్లయితే 0, గట్టి ఎముక అయితే 1000 ప్రాంతంలో, ఒక్కోసారి అంతకు పైన.

ఇక్కడ మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఉంది. ఇన్ని స్థాయిల అంకెలను మనిషి కన్ను ఒకేసారి నలుపు తెలుపుల్లో చూడలేదు. అందుకని యంత్రం ముందు కూర్చున్నవాళ్లు ఒక మేర ఎంచుకుంటారు. ఎముకకు ఒక మేర, ఊపిరితిత్తులకు ఒక మేర, మెదడుకు ఒక మేర. దీన్ని 'విండో' అంటారు, కిటికీ అన్నమాట. ఎముక కిటికీలోంచి చూస్తే ఊపిరితిత్తిలోని మచ్చ కనబడదు. ఫిల్ము అచ్చు వేసేటప్పుడు ఒకటో రెండో కిటికీలు, అందులోనూ కొన్ని పొరలు మాత్రమే వేస్తారు. 300 పొరల స్కానులో ఒక షీటుకు 20 చొప్పున రెండు మూడు షీట్లు రోగి చేతికి వస్తాయి.

అంటే రెండు మూడు వేలు కట్టి రోగి తెచ్చుకునే పెద్ద కవరులో ఉన్నది అసలు కాదు. అసల్లోంచి ఇంకొకరు ఎంచి తీసిన భాగం. చెన్నైలో డాక్టరు ఆ షీట్లను లైటు ముందు పెట్టి "ఇది చాలదు, మళ్లీ తీద్దాం" అన్నప్పుడు ఆయన అన్నిసార్లూ కమీషను కోసమే అంటున్నాడని అనుకోనక్కర్లేదు. ఆయనకు కావలసిన పొర ఆ షీటు మీద లేకపోవచ్చు. ఆ పొర మాత్రం నెల్లూరు స్కానింగ్ సెంటరు కంప్యూటర్లో ఉంది.

ఇప్పుడు చాలామంది ఫిల్మును సెల్‌ఫోనుతో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు. అత్యవసరంలో అది ఎంతో ఆదుకుంటుంది. కానీ ఏం పోతోందో కూడా తెలియాలి. ఫిల్ము అప్పటికే అసల్లో ఒక ముక్క. దాన్ని ఫోటో తీస్తే ముక్కకు నకలు. వాట్సాప్ ఆ ఫోటోను మళ్లీ కుదిస్తుంది. కొలతలు పోతాయి. మూలన ఉన్న పేరు, తేదీ చాలాసార్లు ఫోటోలోకే రావు.

బొమ్మకు పేరు కట్టే పద్ధతి

1970లలో, 80లలో ప్రతి యంత్రం కంపెనీ తన బొమ్మలను తనకు మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో దాచేది. ఒక కంపెనీ స్కానరు తీసింది ఇంకో కంపెనీ తెర మీద తెరుచుకునేది కాదు. 1983లో అమెరికాలో రేడియాలజిస్టుల సంఘం, విద్యుత్ పరికరాల తయారీదార్ల సంఘం కలిసి ఒక కమిటీ వేశాయి. 1985లో మొదటి ప్రమాణం వచ్చింది. 1993లో దాన్ని సరిదిద్ది డైకామ్ అనే పేరు పెట్టారు. ఇవాళ కోవూరులో తీసినా కొలంబోలో తీసినా డిజిటల్ ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారైలు ఈ పద్ధతిలోనే ఫైలవుతాయి. మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2016లో ప్రకటించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు కూడా బొమ్మలకు డైకామ్‌నే చెప్పాయి.

డైకామ్ ఫైలులో రెండు భాగాలున్నాయి. వెనక భాగం బొమ్మ, అంటే అంకెల పట్టిక. ముందు భాగం దాని జాతకం. రోగి పేరు, నంబరు, పుట్టిన తేదీ, ఆడా మగా, ఏ రోజు ఏ గంటకు తీశారు, ఏ సంస్థలో, ఏ యంత్రం మీద, పొర మందం ఎంత, చుక్కకూ చుక్కకూ దూరం ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. వీటితోపాటు ప్రతి పరీక్షకు, ప్రతి బొమ్మకు ప్రపంచంలో మరి దేనికీ రాని ఒక అంకెల వరుస ఉంటుంది. బొమ్మను పేరు నుంచి విడదీయకుండా ఉంచడమే ఈ పద్ధతి ముఖ్య ఉద్దేశం. కవరు మారిపోయి ఒకరి ఫిల్ము ఇంకొకరికి వెళ్లడం, పేరు చిరిగిపోవడం వంటివి ఇందులో జరగకూడదు.

ఇంత పకడ్బందీగా కట్టిన పేరును కొట్టేది మాత్రం కౌంటరులో కూర్చున్న మనిషి. మన జిల్లాలో పెంచలయ్యలు ఎందరో లెక్కలేదు. ఆ పేరును ఇంగ్లీషులో ఒకచోట చివర 'ఐ ఏ హెచ్' అని, ఇంకోచోట 'వై వై ఏ' అని కొడతారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఉండనే ఉండదు. పుట్టిన తేదీ చెప్పలేని ముసలివాళ్లకు జనవరి 1 అని కొట్టేస్తారు. ఇంటిపేరు, పుట్టిన తేదీ, స్పెల్లింగు స్థిరంగా ఉండేది బడి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు. బడికి పోనివ్వని కులాల్లో పుట్టినవాళ్ల పేరు ప్రతి కౌంటరు దగ్గరా మళ్లీ పుడుతుంది. కంప్యూటరు దృష్టిలో కోవూరు పెంచలయ్య, నెల్లూరు పెంచలయ్య, వేలూరు పెంచలయ్య ముగ్గురు మనుషులు. ముగ్గురి బొమ్మలూ ఒకచోటికి రావు.

ఈ చిక్కు యంత్రం తెచ్చింది కాదు. డైకామ్‌లో యూనికోడ్ లిపి వాడుకునే వీలుంది, అంటే పేరును తెలుగులోనే రాసి ఉంచవచ్చు. ఆ వీలును మన ఆసుపత్రుల్లో ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ అమర్చలేదు.

గిడ్డంగి, దాని గడువు

తీసిన బొమ్మ యంత్రం నుంచి తీగ వెంట ఒక సర్వరుకు పోతుంది. అక్కడి నుంచి డాక్టరు తెరకు వస్తుంది. తీసుకునే, దాచే, వెతికే, చూపించే ఈ మొత్తం ఏర్పాటును ప్యాక్స్ అంటారు. 1980లలో పెద్ద ఆసుపత్రుల్లో మొదలై ఇప్పుడు జిల్లా పట్నాలకు వచ్చింది.

ప్యాక్స్ కూడా ఒక గిడ్డంగే. వడ్ల గోడౌను మాదిరే దానికీ జాగా లెక్క ఉంటుంది. సీటీలో ఒక పొర సుమారు అర మెగాబైటు, 300 పొరలైతే 150 మెగాబైట్లు. రోజుకు 40 మందికి తీస్తే 6 గిగాబైట్లు. పెద్ద సంస్థ ఇటీవలి బొమ్మలను చేతికందే డిస్కులో ఉంచి, పాతవాటిని చవక నిల్వలోకి మార్చి, వేరే ఊళ్లో మరో నకలు పెడుతుంది. చిన్న సెంటర్లో ఇవన్నీ ఉండవు. డిస్కు నిండగానే పాతవి చెరిపేస్తారు. ఎన్నాళ్లకు చెరిపేస్తారో రోగికి చెప్పేవాళ్లు లేరు.

చట్టం ఏమంటోంది? భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలి. రోగి గానీ, అతను అధికారమిచ్చినవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రం కూడా డిశ్చార్జి తర్వాత 72 గంటల్లో రికార్డుల నకళ్లు పొందే హక్కును చెప్పింది. 'చేరిన రోగులు' అన్న మాట దగ్గర ఆగి చూడండి. కోవూరులో చెయ్యి విరిగినవాడు కట్టు కట్టించుకుని సాయంత్రానికి ఇంటికి పోతాడు. వాడు చేరిన రోగి కాదు. వాడి ఎక్స్‌రేను 3 ఏళ్లు ఉంచాలని ఆ నియమం చెప్పదు.

డబ్బు వైపు నడిచే బొమ్మ

ఒక ఆసుపత్రి బొమ్మను ఇంకోచోటికి పంపడం మన రాష్ట్రంలో అసాధ్యమా? కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది, తర్వాత రాష్ట్రమంతా వ్యాపించింది. ఆపరేషనుకు ముందస్తు అనుమతి కావాలంటే ఆసుపత్రి రోగి ఎక్స్‌రేలను, స్కానులను, రిపోర్టులను ట్రస్టుకు ఆన్‌లైన్లో పంపాలి. అక్కడి డాక్టర్లు చూసి ఒప్పుకుంటేనే డబ్బు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది గానీ ఈ పద్ధతి పోలేదు. అంటే పేదవాడి బొమ్మ ఆసుపత్రి గోడ దాటి పోవడం 2007 నుంచి జరుగుతూనే ఉంది. బిల్లు మంజూరు కావడానికి అది గంటల్లో పోతుంది. అదే రోగి ఆర్నెల్ల తర్వాత వేరే ఆసుపత్రికి పోతే ఆ బొమ్మ అతని వెంట రాదు. తీగలు లేకనో, యంత్రాలు లేకనో రాకపోవడం కాదు. డబ్బు వైపు బొమ్మ నడవడానికి దారి వేశారు, రోగి వైపు వేయలేదు.

ఆ దారిని ఎట్లా వేయాలో ప్రపంచానికి తెలుసు. 1998లో అమెరికాలో రేడియాలజీ, ఆరోగ్య సమాచార రంగాల సంఘాలు మొదలుపెట్టిన ఒక ప్రయత్నం దీనికి పద్ధతి చూపింది. బొమ్మలన్నిటినీ ఒకే పెద్ద గోడౌనులో కుప్ప పోయనక్కర్లేదు. ఏ బొమ్మ ఏ ఆసుపత్రిలో ఉందో చెప్పే సూచీ ఒకచోట ఉంటే చాలు. బొమ్మ తీసినచోటే ఉంటుంది. అధికారమున్న డాక్టరు సూచీ చూసి, ఆ ఆసుపత్రిని అడిగి తెప్పించుకుంటాడు. గ్రంథాలయంలో కార్డుల పెట్టె వేరు, పుస్తకాల బీరువా వేరు అన్నట్టు.

మన దేశంలో 2020 ఆగస్టు 15న ప్రకటించి, 2021 సెప్టెంబరు 27న దేశమంతా మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా ఈ దారిలోనే ఉంది. మనిషికి 14 అంకెల ఆభా నంబరు ఇస్తారు. రికార్డులు ఎక్కడ పుట్టినవి అక్కడే ఉంటాయి. రోగి ఒప్పుకుంటేనే ఒక సంస్థ నుంచి ఇంకోదానికి పోతాయి. ఏ రికార్డు, ఎందుకు, ఎన్నాళ్లు అన్నది ఒప్పుదలలో ఉంటుంది. ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చు. ఈ నంబరు తీసుకోవడం తప్పనిసరి కాదు, ఇష్టం.

కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. మన పల్లెలో ఎట్టా నడుస్తుందో చూద్దాం. ఒప్పుదల ఫోనుకు వచ్చే ఓటీపీతో జరుగుతుంది. ఫోను ఎవరిది? చాలా ఇళ్లలో ఒకటే ఫోను, అది కొడుకు దగ్గరుంటుంది, కొడుకు చెన్నైలో పనికి పోయుంటాడు. రొయ్యల గుంటల కాడ పనిచేసేవాళ్లకు మేస్త్రీ నంబరే రాయించి ఉంటుంది. "నంబరొచ్చింది చెప్పమ్మా" అని కౌంటరులో అడిగితే ఆ అమ్మ చెప్పేది దేనికో ఆమెకు తెలియదు. ఒకప్పుడు వేలిముద్ర వేయించుకుని భూమి రాయించుకున్న పద్ధతికి, దీనికి తేడా ఉండాలంటే, ఒప్పుకుంటున్నది ఏందో తెలుగులో చదివి వినిపించే మనిషి ఒకరు అక్కడ ఉండాలి.

బొమ్మ సాక్ష్యం కూడా

ఇంతవరకు చెప్పింది ఏ కులం పేదవాడికైనా వర్తిస్తుంది. దళితుడికి బొమ్మతో ఇంకో పని ఉంది. మన వాళ్ల ఎక్స్‌రేలు డాక్టరు ముందుకే కాదు, జడ్జి ముందుకూ పోతాయి.

భారత శిక్షాస్మృతి 320వ సెక్షను 'తీవ్రమైన గాయం' అంటే ఏమిటో ఎనిమిది రకాలుగా చెప్పింది. ఏడోది ఎముక గానీ పన్ను గానీ విరగడం, కీలు తప్పడం. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 116వ సెక్షను ఇదే మాట అంటోంది. సాధారణ గాయమైతే శిక్ష ఏడాది దాకా. తీవ్రమైన గాయమైతే ఏడేళ్ల దాకా. ఏడాదికీ ఏడేళ్లకూ మధ్య నిలబడేది చాలాసార్లు ఒక ఎక్స్‌రే. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసుల్లోనూ దెబ్బ ఎంతటిదో తేల్చడానికి ఈ కొలతే వాడతారు.

కొట్టింది భూస్వామి, దెబ్బ తిన్నది కూలీ అనుకుందాం. ముంజేతి ఎముక విరిగింది. ఆ రోజు ఎక్స్‌రే తీశారు, గాయాల సర్టిఫికెట్టులో 'ఫ్రాక్చర్' అని రాశారు. కేసు విచారణకు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. ఎముక అతుక్కుంది. అప్పుడు ఎదుటి ప్లీడరు లేచి అడుగుతాడు: "ఫిల్ము ఏది? ఈ ఫిల్ము ఇతనిదే అనడానికి ఏమిటి రుజువు? తీసినవాళ్లు ఎవరు?" ఫిల్ము లేకపోతే, ఉన్నా పేరు, తేదీ చెరిగిపోతే, ఎముక విరగలేదన్నట్టే వాదన నడుస్తుంది. చుండూరులో 1991 ఆగస్టులో జరిగిన హత్యాకాండకు ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు కొట్టేసింది. నేరం జరిగిన రోజుకూ ఆఖరి తీర్పుకూ మధ్య ఇరవై ఏళ్లకు పైగా ఉండొచ్చని మనం చూశాం. అన్నేళ్లు నిలవని సాక్ష్యం మనకు సాక్ష్యం కాదు.

డైకామ్ ఫైలు ఇక్కడ పనికొస్తుంది. పేరు, గంట, యంత్రం దాని లోపలే ఉన్నాయి. 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే ఒక సర్టిఫికెట్టు జతపరచాలి. అందులో ఫైలు 'హాష్' విలువ రాయాలి. హాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసిన వేలిముద్ర వంటిది. ఒక్క చుక్క మార్చినా అది మారిపోతుంది. బొమ్మ తీసిన రోజే ఆ విలువను రాసి రోగికిస్తే, పదేళ్ల తర్వాత ఫైలు మార్చారా లేదా అన్నది తేల్చడం నిమిషం పని.

సాక్ష్యం కావాల్సింది కొట్లాట కేసులకే కాదు. నెల్లూరుకు దక్షిణాన గూడూరు ప్రాంతంలో అబ్రకం గనులున్నాయి. అబ్రకంతోపాటు పలుగురాయి ఉంటుంది. దాని దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు సిలికోసిస్ వస్తుంది. ఎక్స్‌రేలో అది క్షయలాగే కనబడవచ్చు, అందుకని క్షయ మందులే ఇచ్చి పంపడం జరుగుతుంది. రెంటినీ వేరు చేయడానికి డాక్టరుకు కావాల్సినవి రెండు: ఏం పని చేశాడన్న చరిత్ర, ఏళ్ల క్రితం బొమ్మలు. 1955 గనుల నియమాలు కార్మికులకు కనీసం అయిదేళ్లకోసారి వైద్యపరీక్ష జరగాలని చెప్పాయి. సిలికోసిస్ పరిహార చట్టం జాబితాలో ఉన్న వృత్తి వ్యాధి. కాబట్టి పాత బొమ్మ ఉంటే పరిహారం అడగొచ్చు. ఆ బొమ్మ యజమాని దగ్గరే ఉండి కార్మికుడి దగ్గర లేకపోతే, ఎవరి మీద కేసు పెట్టాలో వాళ్లనే సాక్ష్యం అడుక్కోవాలి.

దాచడంలో ఉన్న భయం

అయితే బొమ్మలన్నీ అందరికీ అందుబాటులో ఉంటే మంచిదని మేము అనడం లేదు. 2019లో గ్రీన్‌బోన్ అనే జర్మన్ సంస్థ 52 దేశాల్లో 590 వైద్యచిత్రాల సర్వర్లు ఏ తాళమూ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నాయని బయటపెట్టింది. వాటిలో మన దేశానివీ ఉన్నాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్ల మీద దాడి జరిగి రోజుల తరబడి పనంతా కాగితాల మీద నడపాల్సి వచ్చింది. దేశంలో పెద్ద ఆసుపత్రి పరిస్థితే అది.

మనకు ఇంకో భయం. ఊపిరితిత్తి మచ్చ ఉన్నదని తెలిస్తే పని ఇవ్వనివాళ్లుంటారు. ఇల్లు అద్దెకివ్వనివాళ్లుంటారు. అంటరానితనానికి రోగం ఒక కొత్త సాకు. బొమ్మ వెంట రేషన్ కార్డు, కులం, చిరునామా కూడా ప్రయాణం చేస్తే చికిత్సకు కలిసొచ్చేదేమీ లేదు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఒప్పుదలను ముందు పెట్టింది. ఆ ఒప్పుదల అర్థమై ఇచ్చిందా అన్నది ఊళ్లో తేలాల్సిన సంగతి.

ఏం అడగాలి?

దళిత సంఘాలు భూమి, ఇంటిస్థలం, స్మశానం అడిగినట్టే దీన్నీ అడగాలి. మా ప్రతిపాదనలు ఇవి:

1. ఏ ఆసుపత్రిలో, ఏ సెంటరులో బొమ్మ తీసినా ఫిల్ముతోపాటు పూర్తి డైకామ్ ఫైలు కూడా రోగికి ఉచితంగా ఇవ్వాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇది మొదలవ్వాలి.

2. బొమ్మను ఎన్నాళ్లు దాస్తారో తెలుగులో రసీదు మీదే రాయాలి. చేరిన రోగికీ, వచ్చిపోయే రోగికీ ఒకే గడువు ఉండాలి.

3. పోలీసు కేసుకు సంబంధించిన బొమ్మలను ఆఖరి అప్పీలు ముగిసేదాకా చెరపకూడదు. తీసిన రోజే హాష్ విలువ రాసిన కాగితం బాధితులకు ఇవ్వాలి.

4. ఆరోగ్య పథకం కింద ట్రస్టుకు పంపిన ప్రతి బొమ్మా రోగి అడిగినప్పుడు రోగి చెప్పిన డాక్టరుకు కూడా పోవాలి.

5. రోగి పేరును తెలుగులో కూడా నమోదు చేయాలి.

6. ఫోను లేనివాళ్లకు కాగితం మీద, చదివి వినిపించి, ఒప్పుదల తీసుకోవాలి. ఒప్పుకోనివాళ్లకు వైద్యం ఆపకూడదు.

7. చికిత్సకు అక్కరలేని కులం, ఆదాయం వివరాలను బొమ్మకు తగిలించకూడదు.

ఇవి జరిగేలోగా చేయగలిగింది కూడా ఉంది. స్కాను తీయించుకున్న రోజే కౌంటరు దగ్గర "డైకామ్ ఫైలు సీడీలో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ ఇవ్వండి" అని అడగాలి. ఆ మాట అంటేనే అవతలివాళ్లకు ఏం అడుగుతున్నామో తెలుస్తుంది. వారం పోయాక అడిగితే డిస్కు చెరిగిపోయి ఉండొచ్చు. ఇవ్వకపోతే అర్జీ రాసి తేదీ వేయించుకోవాలి, చేరిన రోగి అయితే 72 గంటల నియమం చెప్పాలి. ఫైలును రెండు చోట్ల దాచాలి, ఒకటి మాత్రం ఊళ్లో కాకుండా వేరే ఊళ్లో. మన పల్లెల నుంచి ఇప్పుడు రేడియోగ్రఫీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివి ఆసుపత్రుల్లో చేరుతున్న పిల్లలున్నారు. ఆ యంత్రం గదిలోకి మన తాతలు రోగులుగా తప్ప అడుగుపెట్టలేదు. ఫైలు ఎట్లా తీయాలో, పేరు ఎట్లా సరిచేయాలో, ఎప్పుడు చెరిగిపోతుందో ఆ పిల్లలకు తెలుసు. ఊరికొచ్చినప్పుడు వాళ్లు ఆ సంగతులు నలుగురికీ చెబితే పని అక్కడ మొదలవుతుంది.